నిద్రలో నేర్చిన మర్యాద

గొర్లె సన్యాసిరావు తన సుగుణాల్లో అన్నిటికంటే ముందు చెప్పుకునేది ఒకటుంది. ఆయనకి గురువు లేడు. ఈత తానే నేర్చుకున్నాడు, హార్మోనియం తానే నేర్చుకున్నాడు. ఆయన ఈత చూసినవాళ్ళూ హార్మోనియం విన్నవాళ్ళూ ఆ సంగతి వెంటనే నమ్మేవారు. జపనీసూ అంతే. విశాఖపట్నం రేవులో సరుకుల గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ, ఓడల్లోంచి దిగిన పెట్టెల మీది రాతలూ, పంపుసెట్ల వెంట వచ్చే పుస్తకాలూ ముందేసుకుని, ఆ బొమ్మల్లాంటి అక్షరాల్ని ఒక్కొక్కటే లొంగదీసుకున్నాడు. యాభై దాటేసరికి "తడి చేత్తో ముట్టుకోరాదు", "ఈ వైపు పైకి ఉంచవలెను", "పిల్లలకు అందనివ్వకండి" అని ఏ జపాన్ దేశస్థుడితోనైనా తడుముకోకుండా మాట్లాడగలిగేవాడు. ఇలా ఎవర్నీ అడక్కుండా నేర్చుకోవడాన్ని ఆయన గర్వం అనుకోలేదు. ఎవర్నీ ఇబ్బంది పెట్టకపోవడం అనుకున్నాడు.

అలాంటి మనిషి ముందుగానే రిటైర్మెంటు తీసుకుని, యూనివర్సిటీలో జపనీసు భాషా సంస్కృతుల ఎం.ఏ.లో చేరాడంటే, అక్కడా గురువు లేడని తెలియబట్టే.

గురువు స్థానంలో ఒక యంత్రం ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక విద్యార్థులు కొండ మీది పాత భవనంలో ఒక పొడుగాటి గదిలోకి వెళ్ళేవారు. బల్లలుండాల్సిన చోట మంచాలు, నల్లబల్ల ఉండాల్సిన చోట మందపాటి పరదా. తలకి మెత్తటి టోపీ తగిలించుకుని పడుకుంటే, పప్పన్నం తిన్నవాళ్ళెవరికైనా ఆ వేళప్పుడు రావలసింది వస్తుంది. అప్పుడు పాఠం మొదలవుతుంది.

ఆ యంత్రాన్ని కనిపెట్టిన డాక్టర్ మజ్జి హేమనళిని మొదటిరోజున దాని సంగతి విడమరిచి చెప్పింది.

"మనం చిన్నప్పుడు ఉప్పు అనే మాట నేర్చుకున్నాం. ఆ మాట వెనకాల అమ్మ వంటగది ఉంటుంది, చెయ్యి తడిసిన చెమ్మ ఉంటుంది. పుస్తకంలో నేర్చుకున్న మాట వెనకాల పుస్తకమే ఉంటుంది. అందుకే అది సమయానికి రాదు. నేను మాటల్ని ఎక్కించను. వెనకాలున్న వంటగదినే ఎక్కిస్తాను."

"ఎవరి వంటగదండీ?" అన్నాడు సన్యాసిరావు.

"హమాదా ఫుమి అని ఒక పెద్దావిడ. కజెహామా అనే చిన్న రేవూళ్ళో నలభయ్యేళ్ళు విడిది నడిపింది. బాటసారులు వచ్చి పడుకుని, తిని వెళ్ళే ఇల్లు. ఆవిడ తన జ్ఞాపకాలు మనకిచ్చింది. స్కానర్ కింద పడుకుని ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటుంటే, మెదడులో పుట్టిన సిగ్నల్స్ అన్నీ రికార్డు చేశాం. టోపీ వాటినే మీ మెదడుకి వినిపిస్తుంది. నిద్రలో ఉన్న మెదడుకి తనదీ పరాయిదీ తేడా తెలీదు. తన కలే అనుకుంటుంది."

"క్లాసులో నిద్రపోతే తిట్టరన్నమాట."

"మెలకువగా ఉంటే హాజరు వెయ్యను," అంది హేమనళిని, నవ్వకుండా.

అప్పట్నుంచి మధ్యాహ్నాలు మారిపోయాయి. కిటికీ అవతల విశాఖ ఎండ కొబ్బరాకుల మీద చిటపటలాడుతుండేది. సన్యాసిరావు కళ్ళు మూసుకునేవాడు. ముందు వాసన వచ్చేది, తడిసిన చెక్క, ఎండుచేప, బొగ్గు కలిసిన వాసన. ఆ వాసనలోంచి ఒక వసారా తేలి పైకి వచ్చేది. దండేల మీద ఆరేసిన స్క్విడ్ చేపలు గాలికి చిన్నపిల్లల చొక్కాల్లా ఊగేవి. అవతల సముద్రం. మన సముద్రమే, కానీ ఎవరో కడిగి బూడిదరంగు వేసినట్టుండేది. దాని మీద మంచు పడేది. ఇంత పెద్ద ఆకాశం అంత మెల్లిగా రాలడం ఆయన ఎప్పుడూ చూడలేదు. నీళ్ళని తాకగానే ఒక్కొక్క రేకూ మాయమయ్యేది, అయినా పడుతూనే ఉండేది, ఎవరో నిండని పాత్రని నింపుతున్నట్టు.

తన చేతులకేసి చూసుకుంటే అవి తనవి కావు. ముడతలు పడి, చన్నీళ్ళకి ఎర్రబారిన ఆడమనిషి చేతులు. ఎడమ బొటనవేలు మొదట్లో కాలిన మచ్చ. ఆ చేతులు టీ కప్పుని వేణ్ణీళ్ళతో వెచ్చబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు టీ పోసేవి. తలుపు జరిగిన చప్పుడైతే మోకాళ్ళు తమంతట తామే వంగేవి. "చలిలో ఎంతో దూరం వచ్చారు, లోపలికి దయచెయ్యండి," అని ఆయన నోరే ఆయనకి తెలియని మెత్తదనంతో అనేది. వచ్చినవాళ్ళు లోపలికి వెళ్ళగానే, వాళ్ళు విడిచిన జోళ్ళని గుమ్మం బయటి వైపుకి తిప్పి జతగా పెట్టేవాడు. వెళ్ళేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా ఉండాలని. వెళ్ళినవాళ్ళు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా వంగే ఉండేవాడు.

ఆవిడ మొహం మాత్రం ఆయన ఎన్నడూ చూడలేదు. ఎలా చూస్తాడు, ఆవిడ కళ్ళతోనే కదా చూస్తున్నది. అద్దాలున్నాయి గానీ, ఫుమి గారు అద్దం ముందు నిలబడితే అద్దం మీద మరక కోసం చూసేది, మొహం కోసం కాదు.

మూడింటికి మెలకువ వచ్చేది. చెమటతో దిండు తడిసి ఉండేది, పాదాలు మాత్రం మంచులా చల్లగా ఉండేవి. పక్క మంచాల వాళ్ళు లేచి ఒకరికొకరు వంగి దండాలు పెట్టుకునేవారు. ఒకరు మంచినీళ్ళు పోస్తే ఇంకొకరు అందుకోకుండా వాళ్ళకే తిరిగి పోసేవారు. కాస్సేపటికి నీళ్ళన్నీ కూజాలోకే వెళ్ళేవి.

క్లాసులో ఉన్న తొమ్మిది మందిలో ఒక్కర్తికి మాత్రం ఈ సుఖం లేదు. ఈటె మేరీ స్వర్ణ భీమిలి పిల్ల. పట్టపగలు పడుకుంటే దరిద్రమని వాళ్ళింట్లో నూరిపోసి పెంచారు. టోపీ పెట్టుకుని కళ్ళు మూసుకుంటే నిద్రకి బదులు భయం వచ్చేది, వాళ్ళమ్మ చీపురుతో వస్తోందని. అందుకని హాజరు పోతే పోయిందని ఆ గంటంతా పాత పుస్తకాలు తిరగేసి, మూడింటికి అందరూ లేవగానే ప్రశ్నలతో మీద పడేది.

"బాబాయ్, మంచు ఏ వాసనొస్తాది?"

"ఏ వాసనా రాదమ్మా. వాసన లేదనే సంగతి వాసనేస్తుంది."

"అర్థమయేలాగ చెప్పలేవేటి నువ్వు."

"నాకు మాత్రం ఏం తెలుసు. నిద్రలో ఉన్నానాయె," అనేవాడు సన్యాసిరావు. మనసులో మాత్రం ఆ పిల్లమీద జాలిపడేవాడు. ఆమె జపనీసు కుంటి నడకలా ఉండేది. ఒక్క వాక్యం చెప్పడానికి మూడుసార్లు ఆగేది, చేతులు ఊపేది, అవతలివాళ్ళనే అడిగేది.

ఇంటి దగ్గర చిక్కొచ్చింది. ఒక ఆదివారం సన్యాసిరావు బావమరిది అప్పన్న భార్యాబిడ్డలతో వచ్చాడు. వాళ్ళు అలా లోపలికి వెళ్ళారో లేదో, సన్యాసిరావు మోకాళ్ళ మీద కూర్చుని గుమ్మం దగ్గరి చెప్పులన్నీ వీధి వైపుకి తిప్పి వరసగా సర్దాడు. మంచినీళ్ళకని బయటికొచ్చిన అప్పన్న అది చూశాడు.

"బావా, మేం రావడం నీకిష్టం లేకపోతే ఫోన్లో చెప్పీవలసింది," అన్నాడు. "చెప్పులు తిప్పి పెట్టేదాకా ఎందుకు."

"అది మర్యాదరా అప్పన్నా."

"ఏ దేశంలో?"

సన్యాసిరావు ఏ దేశమో చెప్పేలోపు వాళ్ళు అవే చెప్పులు తొడుక్కున్నారు, చాలా సులువుగా. ఆటో మలుపు తిరిగేదాకా ఆయన గుమ్మంలో వంగే ఉన్నాడు. అది చూసి అప్పన్నకి ఇంకా ఒళ్ళు మండింది.

"నిద్రపోయి వస్తున్నానంటే నమ్మేను," అంది ఆయన భార్య సింహాద్రమ్మ. "అక్కడ ఏటి జరుగుతోందో, ఎవర్తెతో తిరుగుతున్నారో నాకు తెల్దు గానీ, ఆవిడ మాత్రం మంచి పనిమంతురాలు. వంటింట్లో గిన్నెలన్నీ ఎత్తు ప్రకారం సర్దీసేరు."

రెండో ఏడు చివర్లో ఆ కబురొచ్చింది. ఫుమి గారే స్వయంగా విశాఖ వస్తోంది. డెబ్బై తొమ్మిదేళ్ళు. విడిది మూసేసింది, ఇల్లు మాత్రం ఉంది. ఆ ఇంట్లో తనతో ఏడాది పాటు ఉండి చదువుకోవడానికి ఒక్కరిని తీసుకెళ్తుంది. ఎవరినన్నది వైవా చేసి ఆవిడే తేలుస్తుంది.

సన్యాసిరావుకి ఆ రోజునుంచి అన్నం సయించలేదు. ఆ వసారా మీద తన పాదాలతో నిలబడాలి. ఆ మంచు తన చేతిమీద పడాలి, తన చేతిమీద. ఇన్నాళ్ళూ పడ్డదంతా ఆవిడ చేతిమీదే. ఆ ఇంట్లో ఏ మెట్టు కిర్రుమంటుందో, చలికాలం ఏ తలుపు బిగుసుకుంటుందో తనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? మిగతా ఏడుగురికీ సరిగ్గా అంతే తెలుసునన్న సంగతి ఆయనకి తట్టలేదు.

"నాకు రాదులే బాబాయ్," అంది స్వర్ణ. "నువ్వెళ్తావు. నువ్వు మాటాడితే ఆవిడే మాటాడినట్టుంటాదంట."

సన్యాసిరావు కాదనలేదు. మర్యాదకి తల అడ్డంగా ఊపాడంతే.

వైవా రోజున గదిలో మంచాలు తీసేసి చాపలు పరిచారు. వరండాలో హేమనళిని పక్కన గోధుమరంగు కోటు వేసుకున్న ఒక పొట్టి ముసలావిడ నిలబడి, మామిడికాయ ముక్క ఉప్పూకారంతో తింటోంది. ఎవరో టూరిస్టు కాబోలు అనుకుని సన్యాసిరావు పక్కనుంచి దాటిపోబోయాడు. అప్పుడు ఆ ముక్క పట్టుకున్న చేతిని చూశాడు. బొటనవేలు మొదట్లో కాలిన మచ్చ. ఆయనకి తన చెయ్యి ఎవరిదగ్గరో మర్చిపోయి వచ్చినట్టనిపించింది.

ఫుమి గారు అందర్నీ ఒక్కసారే లోపలికి పిలిచింది. "భయపడకండి. పరీక్ష ఏమీ లేదు," అంది, జపనీసులో. "నేను టీ ఇస్తాను. మీరు నా ఇంటికి వచ్చిన చుట్టాలు. కూర్చుని తాగి, కబుర్లు చెప్పండి."

అంతే. అంతకంటే సులువైన పరీక్ష ఏ యూనివర్సిటీలోనూ ఉండదు.

కానీ ఎవరూ లోపలికి వెళ్ళలేదు. గుమ్మంలో ఎనిమిదిమంది ఒకరికొకరు వంగి, మీరు ముందు దయచెయ్యండి అంటే మీరు ముందని అనుకుంటూ నిలబడ్డారు. స్వర్ణ వాళ్ళ పక్కలోంచి దూరి లోపలికి వెళ్ళింది. ఆమె విడిచిన చెప్పుల కోసం ఎనిమిది జతల చేతులు ఒక్కసారే కిందికి వంగాయి. తలలు కొట్టుకున్నాయి. క్షమాపణలతో ఇంకొంచెంసేపు గడిచింది.

చివరికి లోపలికొచ్చాక ఎనిమిదిమందీ తలుపు దగ్గరే ఒకరిమీదొకరు పడ్డట్టు ఇరుక్కుని కూర్చున్నారు. జపాన్ ఇళ్ళల్లో ఇంటివాళ్ళు కూర్చునే చోటు అది. గది ఆ చివర్న, పూలకుండీ ముందు, పెద్ద చుట్టానికి కేటాయించే చోటు ఖాళీగా ఉండిపోయింది. అక్కడ ఫ్యాన్ గాలి బాగా వస్తోందని స్వర్ణ వెళ్ళి అక్కడే కూర్చుంది.

ఫుమి గారు టీకూజా అందుకోబోయింది. కూజా అక్కడ లేదు. సన్యాసిరావు దాన్ని అప్పటికే తీసుకుని కప్పులు వెచ్చబెడుతున్నాడు. ఇంకొకాయన మిఠాయి పళ్ళెం సర్దుతున్నాడు. మరొకావిడ ఫుమి గారి వీపు వెనక దిండు పెడుతోంది. "చలిలో ఎంతో దూరం వచ్చారు," అంటున్నాడు ఇంకో కుర్రాడు, నుదుటి చెమట తుడుచుకుంటూ. ఎనిమిది నోళ్ళు, ఒకే గొంతు, ఒకే మెత్తదనం. ఫుమి గారు ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కరినే చూసింది. తన చిన్నప్పటి ఫొటో ఎవరింటి గోడమీదో కనబడితే మనిషి ఎలా చూస్తుందో అలా చూసింది.

ఆఖరికి టీ తాగింది స్వర్ణ ఒక్కర్తే. మిఠాయి తిని, ఇంకోటి ఉందా అని అడిగింది. తర్వాత మూడుసార్లు ఆగి, చేతులు ఊపి, "మీ చేతిమీద ఆ మచ్చ... ఏమైంది?" అంది.

ఎనిమిదిమందికీ ఆ మచ్చ సంగతి తెలుసు. ఒక్కొక్కరూ ఆ మంట అనుభవించినవాళ్ళే. అందుకే ఎవరికీ అడగాలనిపించలేదు.

ఫుమి గారి మొహం విచ్చుకుంది. "నన్ను ఈ మాట అడిగి ఎన్నాళ్ళయిందో," అంది. "చాలా పెద్ద మంచుతుఫాను రాత్రి. ఓడ దెబ్బతిని పదిమంది జాలర్లు తడిసి ముద్దయి వచ్చారు. అంత పెద్ద కెటిల్ నేనొక్కర్తినే ఎత్తి..."

"ఆ రోజు మంచు లేదు," అన్నాడు సన్యాసిరావు.

అనాలని అనలేదు. ఆ జ్ఞాపకం ఆయనలోనూ ఉంది, నోరు దాన్ని సరిచేసింది. "ఎండాకాలం. మధ్యాహ్నం. వచ్చినవాళ్ళు ఇద్దరే. కునుకు తీస్తూ కెటిల్‌ని పట్టుకున్నాం."

పట్టుకున్నాం అన్నాడు.

ఫుమి గారు తన ముందున్న కప్పుని కొంచెం జరిపి తిన్నగా పెట్టింది. మళ్ళీ ఒకసారి జరిపింది. పళ్ళ సందుల్లోంచి మెల్లిగా ఊపిరి పీల్చి, చిన్నగా నవ్వింది.

విడిదిలో గదులు ఖాళీ లేనప్పుడు ఆవిడ వచ్చినవాళ్ళకి ఎలా కాదని చెప్తుందో సన్యాసిరావుకి లోపల్నించి తెలుసు. కప్పు రెండుసార్లు సర్దుతుంది. ఊపిరి పీలుస్తుంది. నవ్వుతుంది. ఎన్నిసార్లు ఆ నవ్వు తనే నవ్వాడు. అవతలివాళ్ళకి అది ఎలా ఉంటుందో మాత్రం ఇవాళే చూశాడు.

"మీ జపనీసు నాకంటే బావుంది," అంది ఫుమి గారు ఆయనతో. "నిజంగా. ఇంక మా ఇంటికి రావడానికి మీకేం మిగిలింది? మా ఇంట్లో నేను ఒకదాన్ని ఉన్నాను కదా. వండుతాను, వడ్డిస్తాను, చెప్పులు తిప్పుతాను. నాకు కావలసింది తినేవాళ్ళు. నేను కోసే కోతలు వినేవాళ్ళు."

ఆయన నుదురు చాపకి ఆనేదాకా వంగాడు. ఆ వంగడంలో ఎక్కడా తప్పు లేదు.

స్వర్ణ ఆ నెలాఖరుకే కజెహామా వెళ్ళిపోయింది. విశాఖలో మిగిలిన ఎనిమిదిమంది సంగతి పేపర్లలో పడింది. పెద్ద హోటళ్ళవాళ్ళు కారు పంపి మరీ వాళ్ళని ఉద్యోగాల్లోకి పిలిచారు. అక్కడ దిగిన జపాన్ టూరిస్టులకి మాత్రం ఎక్కడికి వెళ్ళినా ఒకే పెద్దావిడ ఎదురొస్తున్నట్టుండి, మూడోరోజుకి మా ఇంటికి వెళ్ళిపోతాం అనేవారట. డాక్టర్ హేమనళిని పట్టు వదలకుండా కొత్త బ్యాచ్ కోసం ఒక అతిథి జ్ఞాపకాలు వెతకడం మొదలెట్టింది. ఎవరింటికైనా వెళ్ళి, మొహమాటం లేకుండా పెట్టింది తిని, హాయిగా తిరిగొచ్చిన మనిషి కావాలని ప్రకటన వేసింది. ఇంతవరకూ ఎవరూ రాలేదు. అలాంటివాళ్ళున్నా తమంతట తాము ముందుకు రావడానికి వాళ్ళకీ మొహమాటమే.

సన్యాసిరావు ఏ హోటల్‌కీ వెళ్ళలేదు. మధ్యాహ్నం నిద్ర మానుకున్నాడు. మానుకున్నా ఒక్కోసారి ఎండలో నడుస్తుంటే పాదాలు చల్లబడేవి.

పుష్యంలో స్వర్ణ వీడియో కాల్ చేసింది. ముక్కు ఎర్రగా ఉంది, బుగ్గలు నిండాయి.

"బాబాయ్, మంచు పడతన్నాది. నిజంగానే ఏ వాసనా రాదు."

"చెప్పాను కదా."

"ఫుమి మామ్మ నీకొక పని చెప్పమంది. నువ్వు ఎవరింటికైనా వెళ్ళాలంట. వాళ్ళు ఇచ్చింది తాగాలంట. అయిపోయాక, ఇంకొంచెం పొయ్యండి అని అడగాలంట. అడిగీసేక ఫోన్ చేస్తే, వచ్చే ఏడు గది ఉంచుతానంది."

"ఇంతేనా?"

"ఇంతే అంటంది. ఆవిడ మాట నీకంటే ఎవరికి బాగా తెలుసు."

ఆ సాయంత్రమే సన్యాసిరావు మేడమీద వాటాలోని రామలక్ష్మి టీచరు ఇంటికి వెళ్ళాడు. పదకొండేళ్ళుగా ఒకే మెట్లు వాడుకుంటున్నా, ఆయన ఆ గుమ్మం దాటడం అదే మొదలు. ఆవిడ కుర్చీ చూపించింది. ఆయన వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. కష్టంగానే ఉంది, అయినా కూర్చున్నాడు. ఆవిడ లోపల గ్లాసులు కడుగుతున్న చప్పుడుకి మోకాళ్ళు లేవబోయాయి. రెండు చేతులతో వాటిని పట్టుకున్నాడు.

"కాఫీ తీసుకోండి, అన్నయ్య గారూ."

"ఇప్పుడే తాగొచ్చానమ్మా," అంది నోరు. దానికి ఏ యంత్రమూ కారణం కాదు. అది ఆయనకి పుట్టినప్పట్నుంచీ ఉన్నదే.

అయినా గ్లాసు అందుకున్నాడు. కాఫీ చిక్కగా, వేడిగా, నురగతో ఉంది. ఎవరో తన కోసం పంచదార సరిగ్గా వేశారు. ఆఖరి గుక్క దాకా తాగాడు. కిటికీలోంచి సాయంకాలపు సముద్రం మెల్లిగా బూడిదరంగులోకి తిరుగుతోంది.

"ఇంకొంచెం పొయ్యనా?" అంది రామలక్ష్మి, గిన్నె పట్టుకుని. పాపం, ఆవిడే అడిగేసింది. ఆయన ఇంక పొయ్యమని ఒక్క మాటంటే చాలు. ఆ మాట ఆయనకి తెలుగులో వచ్చు. జపనీసులో, అడిగేవాళ్ళ హోదాని బట్టి, అయిదారు రకాలుగా వచ్చు.

"చాలమ్మా, చాలు," అన్నాడు.

కిందికి దిగి తన వాటా గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. రేపు మళ్ళీ వెళ్ళాలి. ఎల్లుండి కూడా వెళ్ళాలేమో. రామలక్ష్మి విసుక్కోకపోతే వారానికొకసారైనా వెళ్ళాలి. సన్యాసిరావుకి ఇప్పటికి చాలా విద్యలు వచ్చాయి. రెండో గ్లాసు కాఫీ అడగడం మాత్రం ఇంకా రాలేదు.